మూడుసార్లు చూసింది

ముప్పై ఒకటో ఎండరోజు

ఈ పుస్తకం మా వేణిది. అద్దాల పొలంలో పనికి చెయ్యి పంపే ప్రతి ఇంట్లో ఒక ఎండ పుస్తకం ఉండాలని రూలు. ఆ పొద్దు ఎండ లెక్క ఎంత, పని ఎన్నింటికి మొదలైంది, నీడకి ఎన్నింటికి వచ్చినారు, అంతే రాయాల. మా వేణి అంతటితో ఊరుకునేది కాదు. "లెక్క నలభై ఏడు. పదకొండుకి నీడ. అమ్మ పప్పులో రెండుసార్లు ఉప్పేసి, నేను చెప్తే ఒప్పుకోలేదు" అని రాసేది. ఇరవై రెండో రోజు దాకా దాని రాత ఉండాది. తర్వాత ఎనిమిది రోజులు ఖాళీ. ఈ పొద్దు నుంచి నేను రాస్తాండా. నేను చదివింది ఐదో తరగతి. తప్పులుంటే దిద్దుకోండి. కొట్టేసే హక్కు మాత్రం ఎవురికీ లేదు.

పొద్దున మేస్త్రీ తిక్కన్న వచ్చినాడు. గడప దాటి లోపలికి రాలేదు. చేతిలో ఒక కవరు. దాంట్లో వేణి గడియారం, ఒక కాయితం.

"అక్కా, చదివి వినిపించమంటావా?"

"నాకు చదవను వొచ్చు."

వొచ్చు గానీ నిదానం. కూడబలుక్కుంటా చదివినా. వాడు అంతసేపూ ఎండలోనే నిలబడినాడు.

కాయితంలో ఇట్లా ఉండాది. కార్మికురాలు నాగవేణి, వయసు ఇరవై, పందొమ్మిదో వరస. ఇరవై మూడో ఎండరోజు గడియారం హెచ్చరిక ఇచ్చింది. కార్మికురాలు మూడుసార్లు చూసింది. నీడకి రాలేదు. మరణానికి కారణం స్వంత నిర్లక్ష్యం.

"కింద వేలేస్తే అయిపోతాది అక్కా. ముప్పై ఏడో రోజు పట్నం నుంచి విచారణ మేడమ్ వస్తాది. వేలేస్తే నువ్వు ఆ మేడమ్ ముందరికి పోయే పని కూడా ఉండదు."

వేయలేదు. ఊరికే వేయలేదు.

వాడు పోయినాక గడియారం నా చేతికి కట్టుకున్నా. తెల్ల డయల్, నల్ల ముళ్ళు. ముళ్ళు మామూలు గడియారం మాదిరే తిరుగుతాంటాయి. కట్టుకున్న మనిషి ఒంటి వేడి, బయట ఎండ రెండూ కలిపి అది లెక్క వేసుకుంటాది. లెక్క గీత దాటితే డయల్ లోపల్నుంచి తెల్లగా అక్షరాలు వెలుగుతాయి. నీడకి పో అని. వెలగని పూట అక్కడ అక్షరాలున్న సంగతే తెలీదు.

పొయ్యి కాడ రొట్టె చేసుకుంటా కూర్చున్నా. ఆ సెగకి నా ఒంటికే గీత దాటింది. గడియారం గుర్రుమనింది. చెయ్యి ఎత్తి చూసినా. ఇంటి మూలలో, తెల్ల డయల్ మీద, పాలు పొంగినట్టు అక్షరాలు. కండ్లు సరిగా ఆననిదాన్ని, నాకే కనపడినాయి.

అప్పుడు నాకు కోపం వచ్చింది. కంపెనీ మీద కాదు. గోడకి తగిలించిన దాని చొక్కాని చూసి తిట్టినా. ఇంత బాగా కనపడితే మూడుసార్లు చూసి కూడా రాకుండా ఏం చేస్తాంటివే, ఏ రాజ్యం మునిగిపోతాదని ఆ అద్దాలు కడుగుతాంటివే అని. రొట్టె మాడిపోయింది.

ముప్పై మూడో ఎండరోజు

ఇంటికొక చెయ్యి పంపకపోతే కుళాయి తిరగదు. పొలంలో అద్దాలు ఎండని పట్టి పైన గోపురానికి కొడతాయి, ఆ వేడితో సముద్రం నుంచి వచ్చే ఉప్పునీళ్ళు తీపి అయితాయి, ఆ నీళ్ళే మేం తాగేది. అద్దం మీద దుమ్ము పడితే నీళ్ళు తగ్గుతాయి. దుమ్ము ఇక్కడ పడని రోజు లేదు. మా ఇంట్లో ఇప్పుడు ఉండే చెయ్యి నాదే. పోయినా.

గేటు కాడ మిషను గొంతు ఉంటాది. మణికట్టు చూపిస్తే పేరు పిలుస్తాది. "నాగవేణి, లోపలికి రా" అనింది. గడియారం ఇంకా దాని పేరు మీదనే ఉండాది. పేరు మార్చాలా అని అడిగింది. వద్దన్నా.

నన్ను ఖాసింబీ జట్టులో వేసినారు. ఖాసింబీ నాకంటే నాలుగేండ్లు పెద్ద. పదేండ్లుగా ఇదే పని. నా చేతికి తిరుగుడు బ్రష్షు ఇచ్చి పక్కన నిలబడి చూసింది.

"ఏమ్మే ఓబులమ్మా, నువ్వు బ్రష్షుని తిప్పుతాండావా, అది నిన్ను తిప్పుతాందా?"

"రెండూ అయితాండాయి."

"రెండు చేతులతో పట్టు. రవ్వంతసేపు ఒక చేత్తో పట్టొచ్చు. రెండూ వదిలితివో, అది ఎగిరి అద్దాన్ని గుద్దుతాది. అద్దం పగిలితే పేరు రాస్తారు. రెండుసార్లు రాస్తే గేటు తెరుచుకోదు."

ఆ బ్రష్షు తిరిగేటప్పుడు మోచేతుల దాకా వణుకు. కాసేపటికి చేతులు మనవి కావు. గడియారం గుర్రుమన్నా తెలీదు, కూత కూసినా ఆ మోతలో వినపడదు.

పదకొండు అయితానే వరసల్లో ఆడోళ్ళందరూ ఒక్కసారే లేచి నీడ కొట్టానికి నడిచినారు. మూడువందల మంది. ఒక్కరు కూడా గడియారం చూడలేదు. ఎందుకని ఖాసింబీని అడిగినా.

"గడియారాన్ని ఎవురు చూస్తారు మే. ఆ పక్క చూడు. తిక్కన్న పచ్చ గొడుగు తెరిచినాడు. వాడు తెరిస్తే లేస్తాం, మూస్తే మళ్ళీ పోతాం. కట్టుకున్నోని మాట ఏనాడూ విననిదాన్ని, తిక్కన్న గొడుగు మాట వింటాండా." పక్కనోళ్ళు నవ్వినారు. నన్ను చూసి నవ్వు ఆపుకున్నారు.

"వేణి కూడా గొడుగు చూసే లేచేదా?"

ఖాసింబీ నీళ్ళ చెంబు కింద పెట్టింది. "ఈ ఎండాకాలం ఇరవై రెండు రోజులు చూసే లేచింది. ఇరవై మూడో రోజు దాన్ని పందొమ్మిదో వరసకి పంపినారు, చేతివాటం బాగుందని. అది మిట్టకి అవతల. అక్కడికి గొడుగు కనపడదు. గడియారం ఉంది కదా, చూసుకుంటాదిలే అన్నారు. మేం కూడా అన్నాం."

ముప్పై నాలుగో ఎండరోజు

పందొమ్మిదో వరసకి నన్ను వేయమని తిక్కన్నని అడిగినా. వద్దక్కా అన్నాడు. మళ్ళీ అడిగినా. ఆ వరస మంచిది కాదక్కా అన్నాడు. వరసకి ఏమైంది, నా బిడ్డ కడిగిన వరస, సగంలో ఆపింది, మిగిలిన సగం కడుగుతా అన్నా. పోనిచ్చినాడు.

మిట్ట దిగితే అక్కడ ఎవురూ లేరు. పైన ఒక సూర్యుడు, కింద అద్దానికి ఒకడు. ఏ పక్క తిరిగినా కండ్లలో పొడుస్తాది. పదకొండు దాటింది. బ్రష్షు ఒక చేత్తో అదిమి పట్టుకుని, ఇంకో చెయ్యి ఎత్తి చూసినా.

ముళ్ళు కనపడినాయి. పదకొండూ ఆరు. అంతే. తెల్లగా ఉండాది. ఇంకా టైం కాలేదేమో అనుకున్నా.

కాసేపటికి నోరు పిడచకట్టింది. మళ్ళీ చూసినా. తెల్లగా ఉండాది. సున్నం కొట్టిన గోడ మాదిరి. మూడోసారి చెయ్యి అటూ ఇటూ తిప్పి చూసినా. ఎండ డయల్ మీద పడి అదే తిరిగి నా కండ్లలో కొడతాంది. తల తిరుగుతాంది. ఏమీ రాసి లేదు.

అప్పుడు బ్రష్షు వదిలేసినా. తెలిసే వదిలినా. అది ఎగిరి అద్దాన్ని గుద్దింది, అద్దం నిలువునా చీలింది. నేను రెండో చెయ్యి దొప్ప చేసి గడియారం మీద కప్పి, ఆ చీకట్లోకి కన్ను పెట్టినా.

నీడకి పో.

అది ఎంతసేపటి నుంచి వెలుగుతాందో. నీడకి పో, నీడకి పో అని. తెల్ల గోడ మీద తెల్ల సున్నంతో రాసినట్టు, నా బిడ్డకి రాసి చూపించినారు. చూడ్డానికి రెండో చెయ్యి కావాల. రెండో చెయ్యి తీస్తే అద్దం పగులుతాది. అద్దం పగలకుండా కాపాడింది మా వేణి.

అద్దం పగిలిన మోతకి తిక్కన్న మిట్ట మీద నుంచి పరిగెత్తుకుంటా వచ్చినాడు. నన్ను చంకల కింద పట్టి నీడకి ఈడుస్తాంటే వాని చెయ్యి పట్టుకున్నా. వాని గడియారం నల్ల డయల్. వాడు కూడా ఎండలోనే ఉండాడు కదా, వానికి కూడా గీత దాటింది. నల్ల దాని మీద అక్షరాలు ఎండలో నిలబడి కనపడతాండాయి. కొట్టొచ్చినట్టు కాదు గానీ, చదవచ్చు. నీడకి పో.

"తిక్కన్నా, నీది కనపడతాంది."

"అక్కా, ముందు నీళ్ళు తాగు."

"నీది కనపడతాంది రా."

వాడు నా చేతిని చూసినాడు, వాని చేతిని చూసినాడు. మళ్ళీ నాది చూసినాడు. ఒక అడుగు పక్కకి జరిగి ఎండకి అడ్డంగా నిలబడి చూసినాడు. వాని మొహం మాడిపోయింది.

ముప్పై ఐదో ఎండరోజు

లెక్క నలభై తొమ్మిది. అద్దం పగలగొట్టినందుకు ఒకసారి నా పేరు రాసినారు.

ఒక సంగతి రాయాల. ఇది రాయకపోతే మిగతాది రాసి లాభం లేదు.

రెండేండ్ల కిందట ఈ గడియారాలు వచ్చినప్పుడు, కొట్టంలో బల్ల మీద రెండు గుట్టలు పోసినారు. ఒకటి తెల్లవి, ఒకటి నల్లవి. ఏది కావాలో తీసుకోండి అన్నారు. వేణి చెయ్యి నల్లదాని మీదికి పోయింది. దానికి నలుపంటే ఇష్టం. నేను ఆ చేతి మీద కొట్టినా. "ఎండలో పనిచేసేదానికి నలుపు దేనికే, నలుపు ఎండని లాగుతాది, మణికట్టు కాలుతాది. తెల్లది తీసుకో, చల్లగా ఉంటాది" అన్నా. నా మాట విని మా వెనకోళ్ళు కూడా తెల్లవే తీసుకున్నారు. ఎండాకాలం తెల్లగుడ్డ కట్టే ఊరు మాది, ఇంటికప్పుకి సున్నం కొట్టే ఊరు. మాకు తెలిసిన తెలివి అది. తెల్లవి ఒక్కటి మిగల్లేదు. మేస్త్రీలు ఆలస్యంగా వచ్చి, నల్లవే మిగిలినాయని గొణుక్కుంటా కట్టుకున్నారు.

ఆ కొట్టంలో వెలిగించి చూపించినారు కూడా. రెండూ బాగానే కనపడినాయి. కొట్టానికి కప్పు ఉండాది మరి.

అది నా మాట విన్న పిల్ల. నిర్లక్ష్యం అని రాసినారు.

ముప్పై ఏడో ఎండరోజు

విచారణ మేడమ్ పేరు సువర్చల. కంపెనీ ఆఫీసులో చల్ల గది. తిక్కన్నని వాకిలి కాడ నిలబెట్టినారు.

"కూర్చోండి ఓబులమ్మ గారూ. నీళ్ళు తాగుతారా?"

"వద్దు మేడమ్. చెప్పి పోతా."

మంచి మనిషే. గొంతు మెత్తగా ఉండాది. తెర నా వైపు తిప్పి చూపించింది. "ఇవి గడియారం రాసుకున్న గుర్తులు. పదకొండూ నాలుగుకి ఒకసారి, తొమ్మిదికి ఒకసారి, పద్నాలుగుకి ఒకసారి. మీ అమ్మాయి చెయ్యి పైకెత్తి మొహం వైపు తిప్పింది. అట్లా తిప్పితే చూసినట్టు లెక్క. మూడుసార్లు చూసిందమ్మా. నాకూ బాధగానే ఉంది."

"మేడమ్, మీరు బస్సెక్కేటప్పుడు బోర్డు ఎన్నిసార్లు చూస్తారు?"

"ఒకసారి."

"బోర్డు కనపడకపోతే?"

ఆమె తెర మళ్ళీ తన వైపు తిప్పుకుంది.

"కనపడిన మనిషి ఒకసారి చూస్తాది మేడమ్. కనపడని మనిషే మళ్ళీ మళ్ళీ చూస్తాది. మూడుసార్లు చూసింది అని మీరే రాసుకుని, అది మా పిల్ల తప్పంటాండారు. అది మా పిల్ల సాక్ష్యం."

ఆమె ఇంకో కాయితం తీసింది. రెండు రంగులూ పరీక్ష చేసినాము, అక్షరాలు స్పష్టంగా ఉన్నాయని రాసుందని చెప్పింది.

"యాడ చేసినారు పరీక్ష?"

"పరీక్ష గదిలో."

"ఆ గదికి కప్పు ఉండాదా?"

"గది అంటే కప్పు ఉంటుంది కదమ్మా."

"అదే చెప్తాండా."

వాకిలి కాడ తిక్కన్న దగ్గినాడు. మేడమ్ వాని వైపు చూసి, నా వైపు చూసి, గొంతు ఇంకా తగ్గించింది. "కంపెనీ రెండు రంగులూ మీ ముందు పెట్టింది. తెల్లది ఎంచుకున్నది మీరు. ఇది కూడా రికార్డులో ఉంది."

నా రెండు చేతులూ బల్ల మీద పెట్టుకున్నా.

"అవును, నేనే. రాసుకోండి. తెల్లది తీసుకోమని పిల్ల చెయ్యి మీద కొట్టింది ఓబులమ్మ అని పెద్ద అక్షరాలతో రాసుకోండి. నాకు అద్దాల చదువు లేదు, గడియారాల చదువు లేదు. ఉన్న తెలివితో చెప్పినా, తప్పు చెప్పినా. నా తప్పు నేను మోస్తా, కట్టెల్లో పడేదాకా మోస్తా. మీరు చదువుకుని చేసిన తప్పు కూడా నా బిడ్డ నెత్తిన పెడతామంటే పెట్టనీను. రేపు పదకొండుకి పందొమ్మిదో వరసకి రాండి మేడమ్. ఈ గడియారం మీ చేతికి కడతా. చదివి చెప్పండి. చదివితిరా, పది వేళ్ళూ వేసి పోతా."

"రేపు సాయంత్రానికి నేను ఫైలు మూసేయాలమ్మా. బయటికి రావడం మా విచారణ పద్ధతిలో లేదు."

"మా పిల్ల చచ్చింది బయట."

లేచి వచ్చేసినా. చల్లగాలి తగిలి ఒళ్ళంతా జలుబు పట్టినట్టయింది. బయట ఎండలో నిలబడితే గానీ పోలేదు.

ముప్పై ఎనిమిదో ఎండరోజు

పొద్దున గేటు దాటినాక ఖాసింబీ బ్రష్షు తీసుకోలేదు. నీడ కొట్టంలో కాళ్ళు చాపి కూర్చుని, కొంగుతో విసురుకోను మొదలుపెట్టింది. ఆమె జట్టు కూర్చుంది. చూసి పక్క జట్టు కూర్చుంది. నేను అడగలేదు. ఆమే అంతకుముందు రెండు దినాల్లో అందరినీ ఒక్కొక్కరిని ఎండలోకి పిలిచి, గడియారం చూపించి, చదువు మే అని అడిగిందంట. చదివినోళ్ళు లేరు.

తిక్కన్న వచ్చి తల పట్టుకున్నాడు. "అత్తా, లేయండి. పైనోళ్ళు నన్ను కాల్చుకు తింటారు."

"మేం నీడకి వచ్చినాం నాయనా. గడియారం నీడకి పొమ్మంటే పోకపోతే తప్పు అని మీరే కదా కాయితం రాసింది."

"ఇప్పుడు ఎనిమిది. ఇంకా వెలగలేదు కదా."

"వెలిగిందో లేదో మాకు కనపడదు కదా. ఎందుకైనా మంచిదని ముందే వచ్చినాం."

కొట్టం అంతా నవ్వు. వేణి పోయినాక ఆ కొట్టంలో నేను నవ్వింది అప్పుడే. నవ్వినందుకు నా మీద నాకే కోపం రాలేదు.

తొమ్మిదికి దుమ్ము గాలి లేచింది. పదికి అద్దాలన్నీ బూడిద పూసుకున్నట్టయినాయి. గోపురం చల్లబడింది, నీళ్ళు తగ్గినాయి. పదిన్నరకి మేడమ్ వచ్చింది, నెత్తిన టోపీ, కండ్లకి నల్ల అద్దాలు. వెనక ఇద్దరు ఆఫీసోళ్ళు గొడుగు పట్టుకుని.

"ఒక్కసారే వస్తాను ఓబులమ్మ గారూ."

"ఒక్కసారి చాలు. గొడుగు ఇక్కడే పెట్టండి. నల్ల అద్దాలు తీయండి. మా పిల్లకి అవి ఇయ్యలేదు."

ఆఫీసోళ్ళు అడ్డం వచ్చినారు. ఆమె వాళ్ళని ఆపి, గొడుగు దించమని, నల్ల అద్దాలు తీసి ఇచ్చేసింది. అది ఆమె మంచితనమే, ఆ మాట కూడా రాస్తాండా.

పందొమ్మిదో వరసలో బ్రష్షు ఆమె రెండు చేతులకీ ఇచ్చినా. గడియారం కట్టినా. పక్కనే నీళ్ళ బిందెతో ఖాసింబీ, ఎత్తుకుపోవడానికి తిక్కన్న. చంపడానికి కాదు కదా పిలిచింది. బ్రష్షు తిప్పమన్నా. ఆమె మోచేతులు ఎగరను మొదలుపెట్టినాయి.

పదకొండూ పది దాటినాక ఆమె చెయ్యి ఎత్తి చూసింది. కండ్లు చిట్లించింది.

"ఏం రాసుండాది మేడమ్?"

"ఇంకా వెలగలేదు."

కాసేపు బ్రష్షు తిప్పింది. మొహం కందిపోయింది. చెమట ఆగిపోతాంది. మళ్ళీ చూసింది. చెయ్యి దగ్గరికి తెచ్చుకుని చూసింది.

"ఏం రాసుండాది?"

"పదకొండూ ఇరవై. అంతే."

మూడోసారి చెయ్యి అటూ ఇటూ తిప్పింది, నేను తిప్పినట్టే. రెండో చెయ్యి బ్రష్షు మీద నుంచి లేవబోయింది. అద్దం వైపు చూసి మళ్ళీ అదిమి పట్టుకుంది. ఎవురూ చెప్పలేదు ఆమెకి. అట్లే చేసింది. అది చూసినాక ఇంక చాలనుకున్నా. బ్రష్షు ఆపమని తిక్కన్నకి సైగ చేసినా. ఆమె చేతి మీద నా రెండు చేతులూ దొప్ప చేసి పెట్టినా.

"ఇప్పుడు చూడండి."

ఆమె వంగి చూసింది. ఎంతసేపో తల ఎత్తలేదు.

నీళ్ళు తాపి, నీడకి తీసుకుపోయి, తడిగుడ్డ వేసినాక ఆఫీసోడు తెర పట్టుకొచ్చినాడు. మేడమ్ దాన్ని చదివి, నాకు తిప్పింది. పైన ఇరవై మూడో రోజు. దాని కింద ముప్పై నాలుగు, అది నేను. దాని కింద ఈ పొద్దుది, ఇంకా తడి ఆరనట్టు కొత్తగా. నాగవేణి. పందొమ్మిదో వరస. హెచ్చరిక ఇవ్వబడింది. మూడుసార్లు చూసింది. నీడకి రాలేదు.

"చూసినారా మేడమ్. పోయి పదహైదు దినాలయింది. ఇంకా మాట వినలేదు నా బిడ్డ."

ఆమె మొహం తుడుచుకున్న గుడ్డ తీయలేదు.

ముప్పై తొమ్మిదో ఎండరోజు

కాయితం మారింది. స్వంత నిర్లక్ష్యం అన్న ముక్క మేడమ్ తన పెన్నుతో కొట్టేసింది. హెచ్చరిక కనపడలేదు, తెల్ల డయల్ ఎండలో పనికిరాదు, నేను స్వయంగా చూశాను అని రాసి సంతకం పెట్టింది. మూడుసార్లు చూసింది అనే మాట కొట్టేయబోతే నేను వద్దన్నా. ఆ మాట ఉండనీ. అది చేయగలిగిందంతా చేసింది.

ఆ కాయితం కొట్టంలో అందరి ముందరా చదివితేనే వేలేస్తా అన్నా. తిక్కన్న చదివినాడు. పందొమ్మిదో వరస అన్న కాడ ఆగిపోయినాడు. అక్కడికి దాన్ని పంపింది వాడే. ఖాసింబీ లేచి వాని చేతిలో కాయితం తీసుకుని మిగతాది చదవబోయింది. ఆమెకి చదువు రాదు. నేను చదివినా.

నల్ల డయళ్ళు ఎప్పుడిస్తారు అని అడిగినాం. వానలు పడినాక అన్నారు. ఇంకా అరవై ఎండరోజులుండాయి. అంతదాకా గొడుగు చూసుకోమన్నారు, మిట్ట మీద ఇంకో గొడుగు పెడతామన్నారు.

మేడమ్ పోయేముందు నా చెయ్యి పట్టుకుని, ఇంతవరకే నా చేతిలో ఉంది అనింది. నిజమే అయ్యుంటాది. కానీ నా చేతిలో ఇంకా ఉండాది.

నలభయ్యో ఎండరోజు

గ్రహణం పూట మా జేజి, మా నాయన తల్లి, గాజుపెంకుని దీపం మీద తిప్పి మసి పట్టించి ఇచ్చేది. దాంట్లోంచి చూస్తే సూర్యుడు కూడా పెంకులో పడిన కోడిగుడ్డు సొన మాదిరి అణిగి కూర్చునేవాడు.

పొద్దున రాగిముద్దకి పొయ్యి ముట్టించేటప్పుడు అది తలపుకొచ్చింది. చమురు దీపం పెట్టి గడియారం గాజుని పైపైన తిప్పినా, పల్చగా, ముళ్ళు కనపడేంత. వాకిట్లోకి పోయి ఎండలో నిలబడినా. గీత దాటేదాకా నిలబడినా.

కనపడినాయి. తిక్కన్న దాని మాదిరి కాదు, రవ్వంత మసక. కానీ అక్షరం అక్షరం చదివినా.

ఎందుకని కూర్చుని ఆలోచించినా. ఎండ మసి దాటి లోపలికి పోవాల, తెల్ల డయల్‌కి తగిలి మళ్ళీ మసి దాటి బయటికి రావాల. రెండుసార్లు దానికి నీరసం. అక్షరం లోపల్నే పుడతాది, ఒక్కసారి దాటితే చాలు. ఈ మాట చెప్తే ఖాసింబీ నన్ను ఎగాదిగా చూసింది.

"ఐదో తరగతేనా మే నువ్వు చదివింది?"

"ఐదులో కూడా తప్పినా."

సాయంత్రం పొద్దు ఉండగానే మా ఇంటి ముందర వరస కట్టినారు. మసి తుడిచిపోకుండా పైన గోరంత జిగురుటేపు అంటించే ఉపాయం ఖాసింబీది.

కంపెనీకి ఎవురు చేరవేసినారో, చీకటి పడేలోపల గేటు గోడమీద కాయితం అంటించినారు. గడియారం గాజుని మార్చినోళ్ళకి, మసి పూసినోళ్ళకి గేటు తెరుచుకోదు అని.

నలభై ఒకటో ఎండరోజు

తెల్లారే గేటు కాడికి దీపం తీసుకునే పోయినా. రాత్రి రాలేకపోయినోళ్ళు ఇంకా ఇరవై మంది ఉండారు. గేటు ముందరే, కంపెనీ కాయితం కింద కూర్చుని, వాళ్ళ గాజులకి మసి పట్టించినా. ఆఫీసోడు వచ్చి నిలబడినాడు. పేరు రాసుకుంటాండా అన్నాడు. రాసుకో నాయనా, ఇంతకుముందు ఒకసారి రాసినారు, పక్కనే రాయి, వెతుక్కునే పని ఉండదు అన్నా.

తిక్కన్నని గాజులు చూసి ఆపమన్నారంట. వాడు నల్ల గడియారం విప్పి జేబులో పెట్టుకుని, ఎవురిదో తెల్లది అడిగి కట్టుకొచ్చినాడు. వచ్చి నా ముందర చెయ్యి చాపినాడు. వానిది కూడా పట్టించినా, అందరికంటే జాగర్తగా.

దీపం ఆర్పి, అందరికంటే ముందు గేటు కాడికి పోయి మణికట్టు చూపించినా.

"గాజు మసకగా ఉంది" అనింది గేటు. "తుడవండి."

"తుడవను."

"గాజు మసకగా ఉంది. తుడవకపోతే గేటు తెరుచుకోదు. తుడవండి."

"నాకు కనపడతాంది. తుడవను."

నా వెనక మూడువందల మంది నిలబడినారు, ఎవురూ ముందుకి తోయలేదు, ఎవురూ వెనక్కి పోలేదు. లోపల అద్దాలన్నీ రాత్రి దుమ్ముతో నల్లగా ఉండాయి. ఆఫీసోడు చెవిలో మిషను పెట్టుకుని ఎవురితోనో మాట్లాడతాండాడు. సూర్యుడు మిట్ట ఎక్కినాడు.

గేటు ఇంకోసారి అడిగింది. ఇంకోసారి చెప్పినా.

తర్వాత తెరిచినారు.

లెక్క యాభై. పని ఆరున్నరకి. నీడకి పదకొండూ రెండుకి. ఒక్కసారే చూసినా.